మాధ్యమం మారినంత మాత్రాన భాష రాదు

తెలుగు రాష్ట్రాల్లో బడి చదువు మీద జరుగుతున్న వాదోపవాదాలన్నీ కొన్నేళ్లుగా మాధ్యమం చుట్టూనే తిరుగుతున్నాయి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ నంబరు జీవోతో ప్రభుత్వ బడులను ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలని నిర్ణయించింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వివాదం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వమూ తన బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. పేదల పిల్లలకు ఇంగ్లిష్ అక్కర్లేదా అని ఒక పక్షం నిలదీసింది. తెలుగు గతేమిటని మరో పక్షం ఆవేదన చెందింది. రెండు పక్షాలూ గట్టిగానే మాట్లాడాయి. కానీ రెండో తరగతి పిల్లకు ఒక కొత్త భాష అసలు ఎలా పట్టుబడుతుంది, దాన్ని ఎలా నేర్పాలి అనే ప్రశ్నకు ఈ వాదంలో దక్కిన చోటు చాలా తక్కువ.

ఈ ప్రశ్న మీద నూరేళ్లకు పైగా పరిశోధన సాగింది. సిద్ధాంతాలు పుట్టాయి, ఒకదాన్నొకటి ఖండించుకున్నాయి, కొన్ని కాలంతో పాటే వెనక్కి తగ్గాయి. ఎన్ని విభేదాలున్నా పరిశోధకులు చాలామంది చివరికి ఒక చోట కలిశారు. భాష అర్థాన్ని పట్టుకుని వస్తుంది. అర్థం కాని పాఠం వల్ల ఆ పాఠమూ రాదు, అది చెప్పిన భాషా రాదు. ఒక భాషను నేర్పడం, ఆ భాషలో లెక్కలూ సైన్సూ చెప్పడం రెండు వేరు వేరు పనులు. ఆ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే మన విధానాలు దారి తప్పుతున్నాయి.

వల్లెవేతను వదలని తరగతి గది

గత శతాబ్దం మధ్యలో భాషాబోధనను ఏలింది ప్రవర్తనావాదం. భాష కూడా ఒక అలవాటేనని, వినిపించి, పలికించి, సరిగా పలికితే మెచ్చుకుని, తప్పితే వెంటనే దిద్ది ఆ అలవాటును స్థిరపరచాలని దాని సారాంశం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో రాసిన పుస్తకం దీనికి పూర్తి రూపం ఇచ్చింది. దక్షిణాదిలో అదే కాలంలో వాక్యాల నమూనాలను తేలిక నుంచి కష్టానికి వరుస కట్టి, ఒక్కొక్కదాన్నీ పదేపదే చెప్పించే నిర్మాణ పద్ధతి వ్యాపించింది. మద్రాసు రాష్ట్రంలో 27 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు ఈ పద్ధతిలో తిరిగి శిక్షణ ఇవ్వాలని పెద్ద ప్రయత్నమే జరిగింది. కొద్దిమందికి నేర్పితే వాళ్లు మరికొందరికి, వాళ్లు ఇంకొందరికి నేర్పుతారని ఆశించారు. శిక్షణ ఇలా చేతులు మారే కొద్దీ పలచబడుతుందన్న సంగతి ఈనాటి మన శిక్షణ తరగతులకూ వర్తిస్తుంది.

1959లో నోమ్ చామ్‌స్కీ స్కిన్నర్ పుస్తకాన్ని సమీక్షిస్తూ దాని పునాదినే ప్రశ్నించారు. పిల్లలు తాము విన్న వాక్యాలనే తిరిగి అప్పజెప్పరు, ఎన్నడూ విననివి కూడా కల్పించి మాట్లాడతారు. అనుకరణే భాషకు మూలమైతే అది సాధ్యం కాదు. విన్నదాంట్లోంచి నియమాలను తవ్వి తీసే శక్తి పసి మెదడుకు సహజంగానే ఉందని ఆయన వాదించారు. ఆ శక్తి స్వరూపం ఏమిటన్న దానిమీద పండితుల మధ్య నేటికీ వాదన నడుస్తోంది. అయినా, భాష నేర్చుకునే పిల్ల చేతులు కట్టుకుని కూర్చున్న శ్రోత కాదని, తానే నియమాలు ఊహించి పరీక్షించుకునే అన్వేషకురాలని అందరూ ఒప్పుకున్నారు.

మన తరగతి గదులు మాత్రం చాలావరకు 1957 దగ్గరే ఆగిపోయాయి. టీచర్ ఒక వాక్యం చదివితే నలభై గొంతులు దాన్ని తిరిగి చదువుతాయి. ప్రశ్నల జవాబులు బోర్డు మీదికి ఎక్కుతాయి, అక్కడి నుంచి నోటుపుస్తకాల్లోకి దిగుతాయి, అక్కడి నుంచి పరీక్ష పేపరులోకి వెళ్తాయి. గైడ్లూ క్వశ్చన్ బ్యాంకులూ ఈ ప్రయాణాన్ని ఇంకా దగ్గర చేశాయి. పదో తరగతిలో ఇంగ్లిష్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఇంటర్వ్యూలో నాలుగు వాక్యాలు సొంతంగా చెప్పలేకపోతే తెలివి తక్కువనో, పల్లెటూరి వాడనో అంటాం. పదేళ్ల పాటు అతనితో సొంత వాక్యం ఒక్కటైనా చెప్పించామా అని ఎవరూ అడగరు.

తప్పు చెప్పే సంగతి

1967లో పిట్ కార్డర్ అనే భాషా శాస్త్రవేత్త టీచర్లకు కొత్త చూపు ఇచ్చారు. నేర్చుకునేవాళ్లు చేసే తప్పులు అజ్ఞానానికి గుర్తులు కావని, వాళ్లు ఏ మెట్టు మీద ఉన్నారో చూపే ఆధారాలని ఆయన అన్నారు. 1972లో లారీ సెలింకర్ మరో అడుగు ముందుకేశారు. కొత్త భాష నేర్చుకునేవారి మనసులో తల్లిభాషకూ రాబోయే భాషకూ మధ్య సొంత నియమాలతో ఒక అంతరభాష ఉంటుందని, అది మెట్టు మెట్టుగా మారుతుందని చెప్పారు.

మన పిల్లల విషయంలో దీని విలువ చాలా ఎక్కువ. తెలుగులో అమ్మ వచ్చినా, ఆవు వచ్చినా, బస్సు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ క్రియారూపం ఒకటే. ఇంగ్లిష్‌లో మూడు సర్వనామాలను విడివిడిగా వాడాల్సి వచ్చినప్పుడు తెలుగు పిల్ల తడబడటానికి కారణం అదే. తెలుగులో నామవాచకం ముందు ఇంగ్లిష్‌లో లాంటి ఆర్టికల్స్ లేవు, కాబట్టి అవి జారిపోతుంటాయి. క్రియ చివరికి వచ్చే భాష మనది, అందువల్ల మాటల వరుస తారుమారవుతుంది. ఇవేవీ నిర్లక్ష్యం వల్ల జరిగేవి కావు. 'గో'కు భూతకాలంగా 'గోడ్' అనే పిల్ల నియమం నేర్చేసుకుంది, దానికో మినహాయింపు ఉందని మాత్రం ఇంకా తెలియలేదు. ఇంగ్లండ్‌లో పుట్టిన పిల్లలూ ఆ మెట్టు దాటే పైకి వస్తారు. ఈ సంగతి తెలిసిన టీచర్ ఎర్రసిరా సీసా పక్కన పెట్టి, పిల్ల ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుని తర్వాతి మెట్టు అందిస్తుంది. తెలియని టీచర్ నవ్వుతుంది, లేదా కసురుతుంది. ఆ ఒక్క నవ్వుతో నోరు మూసుకున్న పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు.

వినడం, ఆ తర్వాత మాట్లాడటం

స్టీఫెన్ క్రాషెన్ 1980ల తొలినాళ్లలో చెప్పిన సిద్ధాంతం టీచర్లలో బాగా ప్రచారం పొందింది. నియమాలు చదివి తెలుసుకున్న భాష వేరు, అర్థం చేసుకుంటూ వంటబట్టించుకున్న భాష వేరు అన్నారాయన. పిల్లకు ఇప్పటికే తెలిసిన దానికంటే ఒక్క మెట్టు మాత్రమే పైన ఉన్న భాష సందర్భం సాయంతో అర్థమవుతూ చెవిన పడితే చాలు, అది వస్తుందని వాదించారు. భయం, సిగ్గు, అవమానం ఉన్న చోట ఎంత వినిపించినా లోపలికి దిగదని కూడా హెచ్చరించారు. హైదరాబాద్ బజార్లలో తెలుగు వ్యాపారులు దక్కనీ ఉర్దూ మాట్లాడేదీ, హోసూరు, బళ్లారి సరిహద్దుల్లో పిల్లలు రెండు మూడు భాషల్లో ఆడుకునేదీ వ్యాకరణ పుస్తకాలు చదివి కాదు. వాళ్లకు ఆ భాషలో పనిపడింది, అర్థం సందర్భంలోనే దొరికింది.

వినడం ఒక్కటే సరిపోతుందా? కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచ్ మాధ్యమంలో చదివిన ఇంగ్లిష్ పిల్లలను మెరిల్ స్వెయిన్ పరిశీలించారు. వాళ్లకు ఫ్రెంచ్ చక్కగా అర్థమవుతోంది, మాట్లాడేటప్పుడు మాత్రం కొన్ని తప్పులు ఎంతకీ పోవడం లేదు. మాట్లాడాల్సిన, రాయాల్సిన అవసరం కలిగినప్పుడే తనకేది తెలియదో మనిషి గమనిస్తాడని ఆమె 1985లో ప్రతిపాదించారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన అనుభవమే. అమ్మానాన్నలు తెలుగులో అడిగిందంతా పిల్లలకు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. చెవికి తెలుగు అందింది, నోటికి ఆ పని పడలేదు. అమ్మమ్మకు ఇంగ్లిష్ రాకపోతే, ఆమెతో మాట్లాడక తప్పకపోతే అదే పిల్లల నోట తెలుగు వచ్చేస్తుంది.

ఇక్కడే మన దేశంలో జరిగిన ఒక ప్రయోగాన్ని గుర్తు చేసుకోవాలి. భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు తదితర నగరాల్లోని కొన్ని మామూలు బడుల్లో కొత్త తరహా ఇంగ్లిష్ బోధన నడిపారు. వ్యాకరణ పాఠాలు లేవు, వల్లెవేత లేదు. రైళ్ల టైంటేబులు చూసి ఏ బండి ఎక్కితే వేళకు చేరతామో తేల్చడం, పటం మీద దారి కనిపెట్టడం, ఇచ్చిన సమాచారంతో చిక్కు విప్పడం లాంటి పనులు పిల్లలకిచ్చేవారు. ముందు తరగతి మొత్తానికీ ఒక పని చేసి చూపేవారు, ఆ తర్వాత అలాంటిదే పిల్లలు సొంతంగా చేయాలి. మనసు పని మీద ఉంటుంది, భాష ఆ పని వెంట లోపలికి వెళ్తుంది. ఫలితాలను బయటి పరిశోధకులు అంచనా వేసి, కొన్ని పరిమితులు చెబుతూనే మొత్తంమీద అనుకూలంగా ఉన్నాయన్నారు. పనుల ఆధారంగా భాష నేర్పే పద్ధతి గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా బెంగళూరు పేరు వస్తుంది. మన టీచర్ల శిక్షణలో మాత్రం అది పరీక్షకు చదివే ఒక బిట్టుగా మిగిలిపోయింది. ఏ పద్ధతీ అన్ని తరగతులకూ ఉత్తమం కాదని, ఎందుకు ఏం చేస్తున్నారో టీచర్‌కు సొంతంగా తెలిసి ఉండటమే ముఖ్యమని ప్రభు 1990లో రాశారు. పై నుంచి వచ్చే ప్రతి కొత్త పథకాన్నీ ఒకే అచ్చులో అన్ని బడుల మీదా రుద్దే మన విద్యాశాఖలు ఆలోచించాల్సిన మాట అది.

కబుర్ల భాష, చదువు భాష

మాధ్యమం గురించి నిర్ణయం తీసుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన పేరు జిమ్ కమిన్స్. కెనడాకు వలస వచ్చిన పిల్లలు కొద్దికాలంలోనే ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడటం, అయినా పాఠాల్లో వెనకబడటం ఆయన గమనించారు. రోజువారీ కబుర్ల భాష రెండేళ్లలో వస్తుంది. కారణాలు వివరించే, పోల్చే, నిర్వచించే చదువు భాషలో తోటి పిల్లలను అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. తల్లిభాషలో బలపడిన చదవడం, ఆలోచించడం అనే శక్తులు రెండో భాషలోకి కూడా వెళ్తాయని ఆయన చెప్పారు. ఇంగ్లిష్ సమాజంలో పెరిగే పిల్లలకే అయిదు నుంచి ఏడేళ్లు పడితే, బడి గేటు దాటగానే ఇంగ్లిష్ వినపడని పల్లెల్లో మన పిల్లల సంగతేమిటి?

ఇంగ్లిష్ మీడియాన్ని సమర్థించేవారు తరచూ కెనడానే ఉదాహరణగా చూపుతారు. 1965లో మాంట్రియల్ దగ్గరి సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లిష్ పిల్లలను మొదటి నుంచీ ఫ్రెంచ్‌లో చదివించారు, వాళ్లు బాగా రాణించారు. నిజమే. కానీ అక్కడ పిల్లల ఇంటి భాష ఇంగ్లిష్‌కు ఆ దేశంలో ఎదురులేదు. చేర్పించిన తల్లిదండ్రులు చదువుకున్నవారు, కోరి చేర్పించారు. టీచర్లకు ఫ్రెంచ్ ధారాళంగా వచ్చు, పిల్లలు ఇంగ్లిష్‌లో అడిగినా అర్థమవుతుంది. కొద్ది ఏళ్లకే ఇంగ్లిష్ చదవడమూ నేర్పారు. ఈ పరిస్థితుల్లో ఒక్కటీ లేని చోట అదే ఫలితం ఆశించడం ఈత రాని పిల్లను నడి గోదావరిలో దించి, ఈతకొలనులో ఇంకొకరు నేర్చుకున్నారుగా అనడమే.

మన పరిస్థితికి దగ్గరగా ఉన్న ప్రయోగం 1970లో నైజీరియాలోని ఇఫేలో మొదలైంది. అక్కడ ఒక వర్గం పిల్లలకు ఆరేళ్ల పాటు తల్లిభాష యోరుబాలోనే అన్ని పాఠాలూ చెప్పారు, ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా మాత్రం నైపుణ్యం ఉన్న టీచర్లతో నేర్పించారు. మిగతా బడుల్లో మూడేళ్ల తర్వాత ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారారు. యోరుబాలో చదివినవారు ఇతర సబ్జెక్టుల్లో మెరుగ్గా ఉన్నారు, ఇంగ్లిష్‌లోనూ వెనకబడలేదు. ఇంగ్లిష్ రావడానికి ఆ భాషే మాధ్యమం కానక్కర్లేదని, దాన్ని బాగా నేర్పే టీచర్ కావాలని ఇఫే చూపింది.

చదవడం దగ్గర మరో అంశం ఉంది. తెలుగు లిపిలో రాతకూ పలుకుకూ దగ్గరి పొత్తు. గుణింతాలూ ఒత్తులూ కుదరడానికి మూడు నాలుగేళ్లు పట్టినా, ఒకసారి కుదిరాక పిల్ల ఎన్నడూ చూడని మాటనైనా చదవగలదు. ఇంగ్లిష్ స్పెల్లింగులకు ఆ నిలకడ లేదు. 2003లో వెలువడిన, పదమూడు ఐరోపా భాషల మీద జరిగిన ఒక పెద్ద పోలికలో, రాత సూటిగా ఉన్న చాలా భాషల పిల్లలతో పోలిస్తే ఇంగ్లిష్ పిల్లలు చదవడంలో తొలి మెట్టు దాటడానికి రెండింతలకు పైగా కాలం తీసుకుంటున్నారని తేలింది. అది వాళ్ల తల్లిభాష! మాటలే తెలియని భాషలో, ఆధారం లేని స్పెల్లింగులతో మన పిల్లకు చదవడం మొదలుపెట్టిస్తే రెండు కొండలు ఒకేసారి ఎక్కమన్నట్టే. పిల్లల చదువుల స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022లో చూస్తే గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 20.5 శాతమే. ఈ పరీక్ష ఇంగ్లిష్‌లో పెట్టింది కాదు, వాళ్ల సొంత ప్రాంతీయ భాషల్లోనిది. చదవడం అనే పునాదే ఇంకా పడలేదు. మాధ్యమం మార్పు దీని తర్వాతి మాట.

మన నేల మీది పాఠం

ఈ ఆలోచనలన్నీ బయటి నుంచి వచ్చినవేనా? వ్యావహారిక భాషోద్యమం అసలు తరగతి గది ప్రశ్నతోనే పుట్టింది. 1907లో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు చిన్న తరగతుల్లో తెలుగు చెప్పే తీరు నచ్చలేదు. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరం ఎందుకని ఆయన అడిగారు. ఆ ప్రశ్న విద్యావేత్త పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడకూ గిడుగుకూ చేరింది. పిల్లకు తెలిసిన భాషలోనే చదువు మొదలుకావాలన్న పట్టుదల అక్కడి నుంచి ఉద్యమమైంది. గిడుగు రామమూర్తి అంతకు ముందే పర్లాకిమిడిలో సవర అనే గిరిజన భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి బడులు నడిపారు. తెలుగు భాషా దినోత్సవంగా మనం జరుపుకునే ఆగస్టు 29 ఆయన పుట్టిన రోజే. ఆయన తొలి పాఠం తెలుగు గురించి కాదు, తెలుగు రాని పిల్లల గురించి.

అందుకే తెలుగు మాధ్యమం అనగానే తల్లిభాషలో చదువు వచ్చేసినట్టు భావించడం కూడా పొరపాటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు దశాబ్దాల కిందట సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టిన బహుభాషా కార్యక్రమం సరైన దారిలో అడుగు. ఏజెన్సీలోని పిల్లకు తెలుగు రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. పై సిద్ధాంతాలన్నీ అందరికంటే ముందు ఆ పిల్లకు వర్తించాలి.

తల్లిదండ్రుల కోరిక సమంజసమే

ఇంగ్లిష్ కావాలని పేద తల్లిదండ్రులు అడుగుతున్నదాంట్లో తప్పేమీ లేదు. పెద్ద చదువులు, కోర్టులు, మంచి జీతమున్న ఉద్యోగాలు ఇంగ్లిష్‌లో నడుస్తున్నప్పుడు దాన్ని ఒక వర్గం సొత్తుగా ఉంచడం అన్యాయమని దళిత, బహుజన ఆలోచనాపరులు చెబుతున్నది పూర్తిగా నిజం. తమ పిల్లలను కాన్వెంటుకు పంపుతూ పక్కవాడి పిల్లలకు తెలుగు చాలని చెప్పే హక్కు ఎవరికీ లేదు. మాధ్యమం ఎంపికలో తల్లిదండ్రుల స్వేచ్ఛను 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం గుర్తించింది. కానీ ఆ తల్లిదండ్రులు అడుగుతున్నది ఇంగ్లిష్ వచ్చిన బిడ్డను. మనం వాళ్ల చేతిలో పెడుతున్నది ఇంగ్లిష్ అట్ట ఉన్న పుస్తకాన్ని. ఇంగ్లిష్ నిజంగా రావాలంటే చేయాల్సిన పనులు కొన్ని స్పష్టంగా ఉన్నాయి.

మొదటిది, మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లా తనకు తెలిసిన భాషలో అర్థం చేసుకుంటూ చదవగలగాలి. దీన్ని మించిన ఇంగ్లిష్ పథకం లేదు. రెండోది, ఇంగ్లిష్ ఒకటో తరగతి నుంచే ఉండాలి, కథలుగా, ఆటలుగా, పాటలుగా, చెవికీ నోటికీ ముందు అందాలి. రాత తర్వాత రావచ్చు. మూడోది, రెండు రాష్ట్రాలూ ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు మంచి ఆలోచన. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. కానీ వాటిని ఎలా వాడాలో టీచర్లకు నేర్పకపోతే ఒక పేజీ ఎప్పటికీ తెరుచుకోదు. విషయాన్ని ఒక భాషలో చదివి మరో భాషలో చర్చించే పద్ధతిని వేల్స్ బడుల్లో పెంచి పోషించారు. తరగతిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే కొన్ని ప్రైవేటు బడుల తీరు దీనికి పూర్తి వ్యతిరేకం.

నాలుగోది, అన్నింటికంటే కీలకమైనది, ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీల (సెకండరీ గ్రేడ్ టీచర్ల) ఇంగ్లిష్. తనకే ధైర్యం లేని భాషలో సైన్సు చెప్పమంటే టీచర్ పుస్తకం చదివి వినిపించడం తప్ప ఏం చేయగలరు? వారం రోజుల శిక్షణ తరగతులతో ఇది తీరదు. టీచర్లను తయారుచేసే డైట్ కళాశాలల స్థాయి నుంచి టీచర్ల సొంత భాషా నైపుణ్యానికి ఏళ్ల తరబడి సాయం కావాలి. హైదరాబాద్‌లోనే 1958 నుంచి ఇంగ్లిష్ బోధన మీద పనిచేస్తున్న సంస్థ ఉంది, నేడు అది ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఆ అనుభవం మన మండలాల దాకా దిగిరావాలి. అయిదోది, పరీక్షలు. మాట్లాడటం, వినడం మార్కుల్లోకి రానంత కాలం అవి తరగతిలోకీ రావు. ఆరోది, ప్రతి బడిలో పిల్లలు తమ ఇష్టం కొద్దీ తీసి చదువుకునే చిన్న పుస్తకాలు, రెండు భాషల్లోనూ, బీరువాకు తాళం వేయకుండా ఉండాలి.

వీటిలో ఏ ఒక్కటీ ఎన్నికల సభలో ఒక వాక్యంగా చెప్పి చప్పట్లు కొట్టించుకోగలిగింది కాదు. మీడియం మార్చడం సంతకంతో అయిపోతుంది, భాష నేర్పడం పదేళ్ల పని. అందుకే ప్రభుత్వాలు మొదటిదాన్ని ఎంచుకుంటున్నాయి, ప్రతిపక్షాలూ దాన్నే విమర్శిస్తున్నాయి. ఈ పోరు నుంచి బయటపడాలంటే పౌరులు అడిగే ప్రశ్న మారాలి. మీ బడి ఏ మీడియం అని అడగడం మానేసి, అయిదో తరగతి పూర్తయ్యేసరికి మా పిల్ల తెలుగులో ఒక కథ చదివి చెప్పగలదా, ఇంగ్లిష్‌లో పది వాక్యాలు భయం లేకుండా మాట్లాడగలదా అని అడగాలి. మండలాల వారీగా ఈ రెండు ప్రశ్నలకు జవాబును ప్రభుత్వాలు ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఆ లెక్క చెప్పలేని విధానం ఏ భాష పేరుతో వచ్చినా పేద పిల్లలకు న్యాయం చేయలేదు.